మూడు కీలు నొక్కితే ఒక్క స్వరమే పలుకుతోందా? మాడ్యులర్‌లో కార్డ్స్ సంగతి

కొత్తవాళ్ల కోసం ముందు పేర్లు: మాడ్యులర్ అంటే విడి పలకలను (మాడ్యూళ్లను) ఒక పెట్టెలో పెట్టి తీగలతో కలుపుకునే సింథసైజర్, యూరోరాక్ అందులో ఒక రకం. ఆసిలేటర్ స్వరాన్ని పుట్టిస్తుంది, ఫిల్టర్ దాని రంగు మారుస్తుంది, వీసీఏ శబ్దాన్ని పెంచి తగ్గిస్తుంది, ఆ తెరవడం మూయడం ఎన్వలప్ నడుపుతుంది. మిడి అంటే ఏ కీ నొక్కారో చెప్పే డిజిటల్ భాష, కన్వర్టర్ దాన్ని వోల్టేజిగా మారుస్తుంది. కలిపి పలికే స్వరాల గుంపు కార్డ్, అలా ఒకేసారి పలకగలగడం పాలీఫొనీ. గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నా యూరోరాక్ పెట్టెలో రెండు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, ఒక వీసీఏ, రెండు ఎన్వలప్‌లు ఉన్నాయి. మిడి కీబోర్డును ఒక కన్వర్టర్‌కు తగిలించి వాయిస్తున్నాను. సి, ఈ, జి మూడూ కలిపి నొక్కితే చివర తగిలిన జి ఒక్కటే వినిపిస్తోంది. ఆదివారం చర్చిలో మామూలు కీబోర్డు మీద కార్డ్సే వాయిస్తాను, దీని మీద మాత్రం రావట్లేదు. కన్వర్టర్ పాడైందా? ఏ మాడ్యూల్ కొంటే పాలీఫొనీ వస్తుంది? ఇప్పట్లో రెండు మాడ్యూళ్లకు మించి కొనలేను."

ముందు టెన్షన్ వదిలేయండి. ఏదీ పాడవలేదు. మీ పెట్టె ఎలా పనిచేయాలో అలాగే పనిచేస్తోంది. నేను ఇరవై ఏళ్లకు పైగా బెజవాడలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి, తర్వాత ఈ తీగల పిచ్చిలో పడినవాణ్ణి. మొదటి రోజు నేనూ మూడు వేళ్లు పెట్టి, ఒక్క స్వరం విని, కన్వర్టర్‌ను పట్టుకుని దులిపాను.

మీ కన్వర్టర్ నుంచి ఆసిలేటర్‌కు వెళ్లే తీగలో స్వరం పేరు ఉండదు, వోల్టేజి ఉంటుంది. ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి వెళ్తుంది. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కోదానికి దాదాపు 83.3 మిల్లీవోల్టులు. ఒక తీగ మీద ఒక క్షణంలో ఒక్క వోల్టేజే ఉంటుంది. మీరు మూడు కీలు నొక్కితే కన్వర్టర్ ఒకదాన్ని ఎంచుకుని మిగతా రెంటినీ వదిలేయక తప్పదు. మీది చివరి కీకి పెద్దపీట వేసే రకం. కింది స్వరానికో, పై స్వరానికో పెద్దపీట వేసేవీ ఉన్నాయి. మీ రెండు ఆసిలేటర్లూ ఆ ఒక్క తీగనే పంచుకుంటున్నాయి కాబట్టి రెండూ ఒకే పాట పాడుతున్నాయి.

హార్మోనియంలో ఇలా ఎందుకు జరగదు? అక్కడ ప్రతి మెట్టు కిందా దాని రీడు దానికి ఉంది. గాలి అందరికీ ఒకటే, గొంతులు మాత్రం ఎన్ని మెట్లో అన్ని. మాడ్యులర్ నాదస్వరం లాంటిది. ఎంత విద్వాంసుడైనా ఒక నాదస్వరంలో ఒకేసారి రెండు స్వరాలు ఊదలేడు. అందుకే మేళంలో ఇద్దరు నాదస్వరం పడతారు, ఒకరు శ్రుతి పడతారు. మీరు అడుగుతున్నదీ మేళం సంగతే. పాలీఫొనీ అనే మాడ్యూల్ విడిగా ఏ షాపులోనూ దొరకదు. దానికి కావలసినవి రెండు: ఎన్ని స్వరాలు కావాలో అన్ని గొంతులు, ఏ కీ ఏ గొంతుకు వెళ్లాలో పంచిపెట్టే పెద్దమనిషి ఒకడు.

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదీ కాదు, నాదీ కాదు. మూగ్ అనే మాడ్యులర్ సింథ్ 1964లో మొదలైంది. 1968లో వెండీ కార్లోస్ దాని మీద బాఖ్ సంగీతంతో ‘స్విచ్‌డ్ ఆన్ బాఖ్’ రికార్డు చేసినప్పుడు అన్ని గొంతులూ ఒకేసారి వాయించింది కాదు. ఒక్కొక్క వరుసా విడివిడిగా వాయించి, ఎనిమిది ట్రాకుల టేపు మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. అప్పటి ఎలక్ట్రానిక్ ఆర్గన్లలో మాత్రం కార్డ్స్ హాయిగా పలికేవి. వాటిలో పై స్థాయికి పన్నెండు స్వరాలు పుట్టించి, వాటిని రెండేసి చేత భాగించుకుంటూ కింది స్థాయిలన్నీ తయారు చేసేవారు. 1975లో వచ్చిన పాలీమూగ్ సింథ్ ఆ దారిలోదే. అదే ఏడాది ఓబర్‌హైమ్ ఫోర్ వాయిస్ ఇంకో దారి పట్టింది: నాలుగు పూర్తి చిన్న సింథ్‌లను ఒక పెట్టెలో పెట్టి, కీబోర్డును స్కాన్ చేసే డిజిటల్ సర్క్యూట్‌తో కీలను వాటికి పంచింది. నాలుగు గొంతులూ ఒకేలా పలకాలంటే నాలుగింటి నాబ్‌లనూ విడివిడిగా తిప్పుకోవాలి. 1978లో ప్రాఫెట్ 5 సింథ్ వచ్చి ఒక మైక్రోప్రాసెసర్‌తో ఆ తిప్పుళ్లన్నీ గుర్తుపెట్టుకుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు యూరోరాక్‌లో చేయబోయేది ఆ ఫోర్ వాయిస్‌నే, అదీ చేత్తో. ఆ కష్టాలన్నీ మీకూ వస్తాయి.

ఇక మీ పెట్టె దగ్గరికి వద్దాం. పైసా ఖర్చు లేకుండా ఈ సాయంత్రమే చేయగలిగింది ఒకటి ఉంది. రెండో ఆసిలేటర్‌ను మొదటిదానికి ఏడు స్వరస్థానాలు పైన, అంటే పంచమానికి సర్దండి. ఇప్పుడు ఏ కీ నొక్కినా స, ప జంటగా పలుకుతాయి. పంచమం కాబట్టి దాదాపు ఎక్కడికి జరిపినా వినడానికి బాగుంటుంది. సినిమా పాటల్లో, రాక్ గిటార్‌లో ఈ జంట మీరు వేలసార్లు విన్నదే.

పంచమానికి బదులు గాంధారం పెడితే మాత్రం చిక్కు మొదలవుతుంది. రెండో ఆసిలేటర్‌ను నాలుగు స్వరస్థానాలు పైన పెట్టి శంకరాభరణం వాయించండి. స దగ్గర అంతర గాంధారం, బాగుంది. రి దగ్గరికి వెళ్లగానే పైన ప్రతి మధ్యమం పలుకుతుంది. గ దగ్గర శుద్ధ ధైవతం, ద దగ్గర పైస్థాయి శుద్ధ రిషభం. రాగం మూడు ముక్కలైపోతుంది. కారణం తేలికే: రాగంలో గాంధార దూరం ఒక చోట నాలుగు, ఇంకో చోట మూడు. మన ఆసిలేటర్‌కు ఆ సంగతి తెలియదు, ఎప్పుడూ నాలుగే దూకుతుంది.

దీనికి క్వాంటైజర్ మందు, అంటే వచ్చిన వోల్టేజిని మనం ఎంచుకున్న స్వరాలకు సర్దే మాడ్యూల్. శ్రుతి వోల్టేజికి కొంత కలిపి, ఆ మొత్తాన్ని శంకరాభరణం స్వరాలకు సెట్ చేసిన క్వాంటైజర్‌లోంచి పంపి, అప్పుడు రెండో ఆసిలేటర్‌కు ఇవ్వాలి. ఎంత కలపాలి అన్నదే కిటుకు. దగ్గరి స్వరానికి సర్దే క్వాంటైజర్ అయితే నాలుగు స్వరస్థానాలు కాదు, మూడున్నర కలపండి. అంటే సుమారు 0.29 వోల్టులు. స మీద మూడున్నర కలిపితే దగ్గరిది అంతర గాంధారం. రి మీద కలిపితే శుద్ధ మధ్యమం. గ మీద పంచమం. ని దాకా వరసగా కాగితం మీద వేసి చూడండి, ఒక్క చోట కూడా తప్పదు. మీ క్వాంటైజర్ కింది స్వరానికి దించే రకమైతే నాలుగే, ఒక వెంట్రుకవాసి ఎక్కువగా కలపండి. ఈ మూడున్నర కిటుకు కనిపెట్టడానికి నాకు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. ఆ తర్వాత రాగం మార్చినప్పుడల్లా కాగితం, పెన్ను పట్టుకుని ముందు లెక్క వేయడం అలవాటైంది.

కానీ ఇది పాలీఫొనీ కాదు, నీడ. మీరెటు వెళ్తే అటే వస్తుంది. కుడిచేతి పాట ఒకటి, ఎడమచేతి కార్డ్ ఒకటి కావాలంటే రెండు తీగలు, రెండు గేట్‌లు (కీ నొక్కి ఉన్నంతసేపూ వచ్చే వోల్టేజి) కావాలి. అంటే మీరు కొనవలసిన మొదటి మాడ్యూల్ ఆసిలేటర్ కాదు, పెద్దమనిషి: రెండో నాలుగో గొంతులకు పంచగల మిడి కన్వర్టర్. డోఎప్‌ఫర్ ఏ-190-5 నాలుగు గొంతులకు పంచుతుంది. హెక్స్‌ఇన్వర్టర్ మ్యూటెంట్ బ్రెయిన్, ఎక్స్‌పర్ట్ స్లీపర్స్ ఎఫ్‌హెచ్-2 కూడా ఆ పని చేస్తాయి. కొనే ముందు మీ దగ్గరున్న కన్వర్టర్‌కు రెండో సీవీ (నడిపే వోల్టేజి) అవుట్‌పుట్ ఉందేమో చూడండి. చాలావాటిలో అది వెలాసిటీకో (కీ ఎంత గట్టిగా కొట్టారన్నదానికో) మాడ్ వీల్‌కో కేటాయించి ఉంటుంది, సెట్టింగ్ మారిస్తే రెండో శ్రుతిగా పనిచేసేవీ ఉన్నాయి. ఉంటే మీ డబ్బు మిగిలినట్టే.

రెండు శ్రుతులు వచ్చాక ఆసిలేటర్లు రెండున్నాయి, ఫిల్టర్ ఒకటే, వీసీఏ ఒకటే. ఫర్వాలేదు. ఇద్దరు గాయకులు ఒకే మైకు ముందు నిలబడినట్టు, రెంటినీ మిక్సర్‌లో కలిపి అదే ఫిల్టర్‌లోకి పంపండి. దీన్ని పారాఫోనిక్ అంటారు. చీప్ పద్ధతి అని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. డెబ్బైల నాటి స్ట్రింగ్ మెషీన్లలో చాలావాటి పద్ధతి ఇదే, ఆ శబ్దానికి ఇప్పటికీ అభిమానులున్నారు.

అయితే మొదటి రోజే రెండు చిరాకులు ఎదురవుతాయి. ఒకటి: ఒక కీ పట్టుకుని ఉండగా రెండోది నొక్కితే దానికి కొత్త దెబ్బ రాదు, ఎందుకంటే ఎన్వలప్ అప్పటికే తెరుచుకుని ఉంది. పియానోలా టకటకా వాయిస్తే నిరాశే. మెల్లగా తెరుచుకుని మెల్లగా మూసుకునే స్ట్రింగ్స్, ఆర్గన్, ప్యాడ్ వాయిస్తే అది లోపంలా అనిపించదు. రెండోది: అనలాగ్ ఆసిలేటర్ ఎప్పుడూ నోరు మూయదు. మీరు ఒక్క కీ నొక్కినా, రెండో ఆసిలేటర్ పాత స్వరాన్నే పట్టుకుని కూర్చుంటుంది, వీసీఏ తెరుచుకోగానే అదీ వినిపిస్తుంది. కొత్తవాళ్లు దీన్నే "దెయ్యం స్వరం" అని నాకు మెసేజ్ చేస్తుంటారు.

ఈ రెంటికీ ఒక్కటే విరుగుడు. ఒక్కో ఆసిలేటర్‌కూ ఫిల్టర్‌కు ముందే ఒక చిన్న వీసీఏ పెట్టి, దాన్ని ఆ గొంతు గేట్‌తో తెరవండి. గేట్‌ను నేరుగా ఇస్తే టిక్ అని శబ్దం వస్తుంది, స్లూ లిమిటర్‌తోనో (వోల్టేజిని మెల్లగా మారేలా చేసేది) మీ రెండో ఎన్వలప్‌తోనో అంచు కాస్త అరగదీయండి. మీరు కొనవలసిన రెండో మాడ్యూల్ ఇదీ: నాలుగు వీసీఏలున్నది ఒకటి. వీసీఏలు ఎన్నున్నా చాలవని మాడ్యులర్ వాళ్లలో పాత జోకు, నిజం కూడా అదే.

ఒక జాగ్రత్త. రెండు స్వరాలు ఒకే ఫిల్టర్‌లోకి గట్టిగా కొడితే, ఫిల్టర్‌లో శబ్దం చిట్లినప్పుడు రెండూ ఒకదాన్నొకటి గుణించుకుని మధ్యలో సంబంధం లేని కూతలు పుడతాయి. పంచమానికి అది గంభీరంగా ఉంటుంది, గాంధారానికి బురదలా ఉంటుంది. ఫిల్టర్ ముందు మిక్సర్ నాబ్‌ను సగానికి దించండి. కార్డ్ ఎందుకు తేటగా లేదో తెలియక కొత్త ఫిల్టర్ కొన్నవాణ్ణి నేను. నాబ్ దించితే సరిపోయేది.

ఇప్పుడు అసలైన పాలీఫొనీ, అంటే ఒక్కో గొంతుకూ ఆసిలేటర్, ఫిల్టర్, వీసీఏ, ఎన్వలప్ అన్నీ విడిగా. నాలుగు గొంతులంటే నాలుగు నాలుగ్గా పదహారు మాడ్యూళ్లు. డోఎప్‌ఫర్ వాళ్లు ఈ పని కోసమే నాలుగు గొంతులవీ కలిపి ఒక పలకలో పెట్టినవి చేశారు: ఏ-111-4 ఆసిలేటర్లు, ఏ-105-4 ఫిల్టర్లు, ఏ-132-8 వీసీఏలు, ఏ-141-4 ఎన్వలప్‌లు. నాలుగు గొంతుల నాబ్‌లూ ఉమ్మడిగా తిరగడమే వాటి గొప్ప. విడి మాడ్యూళ్లతో చేస్తే కటాఫ్ (ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలో) మార్చాలన్నప్పుడల్లా నాలుగు చేతులు కావాలి. ఒక్క వోల్టేజిని నాలుగు ఫిల్టర్లకూ పంచవచ్చు కానీ, ఫిల్టర్లు వేర్వేరు రకాలైతే ఒకే వోల్టేజికి ఒకటి బాగా తెరుచుకుంటుంది, ఇంకోటి సగమే.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను, నచ్చకపోతే పక్కన పెట్టండి. చర్చిలో వాయించే కార్డ్స్ కోసం మాడ్యులర్‌ను పాలీ చేయకండి. ఆ పని మీ మామూలు కీబోర్డు ఇంతకంటే చక్కగా, శ్రుతి తప్పకుండా చేస్తోంది. నాలుగు ఒకే రకం గొంతులతో ప్రాఫెట్‌ను మళ్లీ తయారు చేయాలనుకుంటే ఆ డబ్బుతో పాలీ సింథ్ ఒకటి కొనుక్కోవడమే నయం. మాడ్యులర్‌లో నాలుగు గొంతులు పెట్టేది నలుగురు వేర్వేరు మనుషులను కూర్చోబెట్టడానికి. ఒకరిది ఫిల్టర్ గొంతు, ఒకరిది మడత పెట్టిన వేవ్, ఒకరిది ఒక ఆసిలేటర్‌తో ఇంకోదాన్ని ఊపే ఎఫ్‌ఎం గంట శబ్దం, ఒకరిది ఉత్త సైన్ వేవ్. అప్పుడు ఒకే కార్డ్‌ను రెండుసార్లు నొక్కినా రెండుసార్లూ వేరుగా పలుకుతుంది, ఎందుకంటే ఏ స్వరం ఎవరి వాటాకు వచ్చిందో మారిపోతుంది.

ఆ పంపకం సంగతి కాస్త విడమర్చి చెప్పాలి. పెద్దమనిషి పని రైల్వే టికెట్ కౌంటర్ల లాంటిది. ఒక పద్ధతిలో ఎప్పుడూ మొదటి ఖాళీ కౌంటర్‌కే పంపుతాడు. మెల్లగా ఒక్కో కీ నొక్కితే ఎప్పుడూ ఒకటో గొంతే పలుకుతుంది, నాలుగో గొంతు కొన్నదంతా దండగ. పైగా కీ వదిలాక ఇంకా వినిపిస్తున్న రిలీజ్ తోకను కొత్త స్వరం వచ్చి కోసేస్తుంది. రెండో పద్ధతి వంతులవారీ: ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఒకటి. తోకలు పూర్తిగా ఆరేదాకా టైమ్ దొరుకుతుంది. పొడవాటి రిలీజ్ ఉన్న ప్యాడ్‌లకు కళ్లు మూసుకుని వంతులవారీ పెట్టండి. అయిదో కీ నొక్కితే ఏం చేయాలన్నది ఇంకో సెట్టింగ్: అందరికంటే ముందు నొక్కినదాన్ని లాక్కునేలా పెడితే చెవికి తక్కువ తెలుస్తుంది. కింది స్వరాన్ని మాత్రం లాక్కోనివ్వకండి, కార్డ్ కాళ్లు విరిగినట్టు ఉంటుంది.

వంతులవారీలో ఒక గొయ్యి ఉంది, మన సంగీతం వాయించేవాళ్లే ఎక్కువగా పడతారు. స్వరం నుంచి స్వరానికి జారుడు కావాలని ఒక్కో గొంతుకూ స్లూ లిమిటర్ పెడతాం. స నుంచి ప కు జారాలి అనుకుంటాం. కానీ ప వచ్చింది రెండో గొంతుకు. ఆ గొంతు క్రితంసారి పాడింది కింది ద. కాబట్టి జారుడు ద నుంచి మొదలవుతుంది. చెవికి అది గమకం కాదు, గాబరా. నాలుగు స్లూ లిమిటర్లు పెట్టి నెల రోజులు తలబాదుకున్నాక, గమకం ఒక్క గొంతుకే ఉంచి, మిగతా మూటిని కార్డ్‌కు వదిలేశాను. కచేరీలో గాయకుడు ఒకడే, పక్కవాద్యాలు మూడు అనుకోండి. పిచ్ బెండ్ వీల్ కూడా మామూలు మిడిలో ఒక చానల్ మొత్తానికి ఒకటే కాబట్టి, కార్డ్ పట్టుకుని ఒక్క స్వరాన్ని మాత్రం ఊపడం కుదరదు. 2018లో ప్రమాణంగా వచ్చిన ఎంపీఈ దీన్ని సరిచేసింది, ఒక్కో స్వరానికి ఒక్కో మిడి చానల్ ఇస్తుంది. కీబోర్డు, కన్వర్టర్ రెంటికీ అది తెలిసి ఉండాలి. అంతదాకా ఆగలేకపోతే కన్వర్టర్‌లో పాట గొంతుకు ఒకటో చానల్, కార్డ్ గొంతులకు రెండో చానల్ ఇచ్చి, కీబోర్డును మధ్యలో స్ప్లిట్ చేయండి. నేను ఇప్పటికీ అలాగే వాయిస్తాను.

శ్రుతి గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. ఒక గొంతు ఉన్నప్పుడు పది సెంట్లు (సెంటు అంటే స్వరస్థానంలో వందో వంతు) తేడా ఉన్నా ఎవరికీ తెలియదు. నాలుగున్నప్పుడు అందరికీ తెలుస్తుంది. ఆసిలేటర్‌లో వోల్టేజిని శ్రుతిగా మార్చే ట్రాన్సిస్టర్ జత వేడికి లోబడి ఉంటుంది. ఏ సర్దుబాటూ లేకపోతే ఒక డిగ్రీ వేడికి దాని కొలత 0.33 శాతం మారుతుంది, అంటే స్థాయికి 4 సెంట్లు. ఏసీ గదిలో 26 డిగ్రీల దగ్గర శ్రుతి చేసి, 36 డిగ్రీల్లో వాయిస్తే స్థాయికి 40 సెంట్లు, దాదాపు సగం స్వరస్థానం. మంచి ఆసిలేటర్లలో ఆ జతను అంటిపెట్టుకుని ఒక ప్రత్యేకమైన రెసిస్టర్ ఉంటుంది, వేడికి అదీ అంతే మారి చాలావరకు సరిచేస్తుంది. పూర్తిగా కాదు. నాలుగూ ఒకేలా జారితే బతికిపోతాం, అందరూ కలిసే దిగుతారు. కానీ నాలుగూ నాలుగు రకాలుగా జారతాయి.

ఒకసారి మే నెలలో, బెంజి సర్కిల్ అవతల ఒక ఆరుబయట ఫంక్షన్‌లో నేను అనుభవించాను. మధ్యాహ్నం ఇంట్లో ఏసీ కింద ముచ్చటగా శ్రుతి చేసుకుని వెళ్లాను. రాత్రి ఎనిమిదింటికి కూడా స్టేజి మీద గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. పైన హాలోజన్ లైట్లు. మొదటి కార్డ్ వేయగానే తబలా వాయించే ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన హాయిగా సుత్తి తీసి రెండు దెబ్బలు కొట్టుకున్నారు. నేను ఎనిమిది నాబ్‌లు తిప్పాలి. అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను: పెట్టె వాయించే చోటనే కనీసం అరగంట ఆన్‌లో ఉండాలి, శ్రుతి ఆ తర్వాతే. ఏసీ, ఫ్యాన్ గాలి నేరుగా మాడ్యూళ్ల మీద పడకూడదు.

శ్రుతి చేసేటప్పుడు ట్యూనర్ కంటే చెవి నమ్మకమైనది. ఒక ఆసిలేటర్‌ను పెద్దగా పెట్టుకుని మిగతావాటిని ఒక్కొక్కటే దానితో కలపండి. రెండు స్వరాలు దగ్గరకొస్తే శబ్దం ఊగడం వినిపిస్తుంది. 440 హెర్ట్జ్ దగ్గర సెకనుకు ఒక ఊపు అంటే తేడా దాదాపు 4 సెంట్లు. రెండు సెకన్లకు ఒక ఊపు దాకా తెచ్చి వదిలేయండి, అంతకంటే పట్టుబడితే ఆ అనలాగ్ నిండుతనం కూడా పోతుంది. తర్వాత మూడు స్థాయిలు పైన అదే కీ నొక్కి చూడండి. కింద కలిసి పైన కలవకపోతే తిప్పవలసింది ట్యూన్ నాబ్ కాదు, వోల్టుకు శ్రుతి ఎంత పెరగాలో సర్దే స్కేల్ ట్రిమ్మర్. కింద ట్యూన్, పైన స్కేల్, మళ్లీ కింద ట్యూన్. నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరగాలి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా పైస్థాయిలు దిగుతున్నాయంటే, ఒక తీగను రెండు మూడుగా చీల్చే మల్టిపుల్‌ను అనుమానించండి. ఒక శ్రుతి తీగను మామూలు మల్టిపుల్‌తో రెండు ఆసిలేటర్లకు పంచారనుకోండి. కన్వర్టర్ అవుట్‌పుట్‌లో 1 కిలో ఓమ్, ఒక్కో ఆసిలేటర్ ఇన్‌పుట్‌లో 100 కిలో ఓమ్‌లు ఉంటే, ఒకదానికి 1 శాతం, రెంటికి దాదాపు 2 శాతం వోల్టేజి తగ్గుతుంది. స్థాయికి ఇరవై సెంట్లకు పైగా పోయినట్టు. గేట్‌లకు ఏ మల్టిపుల్ అయినా ఫర్వాలేదు, శ్రుతికి మాత్రం వోల్టేజిని తగ్గనివ్వని బఫర్ ఉన్నదే వాడండి.

శ్రుతి విషయంలో మాడ్యులర్ కష్టపెట్టినా, మామూలు కీబోర్డు ఇవ్వని వరం ఒకటి ఇస్తుంది. తంబురా చెవి ఉన్నవాళ్లకు కీబోర్డు మీది సి, ఈ జంటలో ఈ కాస్త పైకి ఉన్నట్టు అనిపిస్తుంది. అది భ్రమ కాదు. మంద్ర షడ్జం తీగలోంచి సహజంగా వినిపించే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది, కీబోర్డుది 400. మీ గాంధారం ఆసిలేటర్‌ను ఆ 14 సెంట్లు దించండి, సుమారు 12 మిల్లీవోల్టులు. స, గ, ప నిలిపి పట్టుకుని వినండి. ఊపులు ఆగిపోయి మూడు గొంతులు ఒక్క గొంతైపోతాయి. స్వరాలు మారే కార్డ్స్‌కు ఇది పనికిరాదు, ఆధార శ్రుతికి, ఆలాపన వెనక నిలిపే కార్డ్‌కు ఇంతకు మించింది లేదు. సత్యనారాయణపురంలో మా ఇంటి పక్క సంగీతం మాస్టారు గోడ అవతలి నుంచి ఇది విని, తంబురా ఎవరిదని అడిగారు.

కరెంటు గురించి రెండు మాటలు. మాడ్యూళ్లు పెరిగేకొద్దీ ప్లస్ 12 వోల్టుల లైన్ మీద మిల్లీయాంపులు కూడుకుంటూ పోండి, పవర్ సప్లై సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులు దాటితే ఆగండి. సప్లై కుంగితే మొదట పోయేది శ్రుతే. ఇంట్లో ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో చూడండి, చవక రకాల మీద స్పీకర్లో గీ అనే హోరు వస్తుంది. రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత మైనస్ 12 వైపు. తొందరలో తిప్పి పెట్టి ఒక ఫిల్టర్‌ను కాల్చుకున్నాను, ఆ వాసన రెండు రోజులు పోలేదు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయండి. వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్క కేబుల్‌లోనే పదహారు గొంతుల దాకా వెళ్తాయి. ఈ పారాఫోనిక్ ప్యాచ్ (తీగల అమరిక), వంతులవారీ పంపకం, మూడున్నర క్వాంటైజర్ కిటుకు అన్నీ అందులో వేసి చూసుకోండి. మీకు నిజంగా నాలుగు గొంతులు కావాలా, రెండు చాలా అన్నది వారంలో తేలిపోతుంది. అందులో శ్రుతి జారదు కాబట్టి అదే నిజమని మాత్రం అనుకోకండి.

అలాగే మీ పని ఇంట్లో రికార్డింగే అయితే ఏదీ కొనకండి. కంప్యూటర్‌లో తాళం కోసం క్లిక్ పెట్టుకుని ముందు కింది స్వరాలు, తర్వాత మధ్యవి, చివర పాట, ఒక్కొక్కటే వాయించి పేర్చుకోండి. ప్రతి వరుసకూ ప్యాచ్ మార్చుకోవచ్చు, ఒక్క ఫిల్టర్‌తో నాలుగు ఫిల్టర్ల సంపద వస్తుంది. నేను రికార్డింగులకు ఇప్పటికీ ఇలాగే చేస్తాను, నాలుగు గొంతులు స్టేజికి మాత్రమే.

మీ కన్వర్టర్ మోడల్ పేరు రాయండి, రెండో సీవీని శ్రుతిగా మార్చే వీలుందో లేదో చూసి చెబుతాను. ఈలోగా రెండో ఆసిలేటర్‌ను పంచమానికి పెట్టుకోండి, మిక్సర్ నాబ్ సగానికే.